దారిలో ఎక్కడా ఆగకుండా

మనీలా పక్కన మరికీనాలో బూట్లు కుట్టి బతికేవాళ్లు వీధికి పదిమంది ఉంటారు. మిషను ముందు కూర్చుని లోకాన్నంతా తిట్టుకుంటూ కుట్టేది మాత్రం అందరూ జెనీ అనే జెనైదా ఒక్కతే. తోలు మందంగా ఉంటే తోలుని తిట్టేది, సూది విరిగితే సూదిని. తిట్టడానికి ఏదీ దొరక్కపోతే తమ్ముడు ఎడ్సెల్ ఉండనే ఉన్నాడు. వెనకగదిలో కూర్చుని బూటు అడుగులకి జిగురు పూస్తూ, పాడుతూ ఉండేవాడు. తిట్టు పడగానే పాట ఆపి, "ఇప్పుడు నేనేం చేశాను ఆతె?" అని అడిగేవాడు. అక్కని వాడు ముద్దుగా పిలిచినా, కోపంగా పిలిచినా, అప్పు అడగడానికి పిలిచినా ఆతె అనే పిలిచేవాడు.

అమ్మ పోయేనాటికి వాడికి పాలపళ్లు కూడా ఊడలేదు. నాన్న ఓడ ఎక్కాడు, ఓడ తిరిగొచ్చింది, ఆయన రాలేదు. జెనీ అప్పటికి ఇంకా బడికి పోయే పిల్లే. అమ్మ మిషను ముందు అమ్మ పీట మీదే కూర్చుంది, ఇక లేవలేదు. తోలు కొట్టులో లెక్కలు రాసే అతనొకడు ఆమెని చేసుకుంటానని ఇంటికి వచ్చాడు. "నాతో పాటు మా తమ్ముడు కూడా వస్తాడు మరి" అంది జెనీ. అతను ఆలోచించుకుని వస్తానని వెళ్లాడు. ముప్పై ఏళ్లు దాటినా ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు కాబోలు.

తొంభైలలో ఎడ్సెల్‌కి పిచ్చి పట్టింది. ఆ పిచ్చి పేరు యెరోంగ్ బాసా, అంటే తడిసిన రేకు. దిలిమాన్ కాలేజీలో చదివే నలుగురు కుర్రాళ్ల బ్యాండు అది. "పేరు మాత్రం సరిగ్గా పెట్టుకున్నారు, గాలివానకి ఇంటి రేకు కొట్టుకున్నట్టే ఉంది" అని పెదవి విరిచింది జెనీ. వాడు వినలేదు. మోకాళ్ల దగ్గర చిరిగిన ప్యాంటు, మనీలా ఎండలో మందపాటి గళ్ల చొక్కా, కళ్లమీద పడే జుట్టు. "ఏరా, జ్వరమా? చలేస్తోందా?" అని ఆమె అడిగితే, "నీకు అర్థం కాదులే ఆతె" అనేవాడు. ఆ కాలంలో ఆ ఊళ్లో కుర్రాళ్లందరికీ వాళ్ల వాళ్ల అక్కలకి అర్థం కాదన్న నమ్మకం గట్టిగా ఉండేది.

ఒక సాయంత్రం ఎడ్సెల్ బూట్ల షెడ్డులో పని ఎగ్గొట్టి మాయమయ్యాడు. కేసోన్ సిటీలో ఏదో బారులో ఆ బ్యాండు వాయిస్తోందని ఎవరో ఉప్పందించారు. జెనీ రెండు జీప్నీలు మారి అక్కడికి వెళ్లింది. లోపల పొగ, చీకటి, అందరివీ ఒకే రకం జుట్టు. నాలుగు వీపుల మీద చెయ్యేసి చూస్తే గానీ తమ్ముడు దొరకలేదు. వేదిక ముందే చేతులు పైకెత్తి నిలబడ్డాడు. అప్పుడే రెండో పాట మొదలైంది. ఆమె పోయి చెవి పట్టుకుంది.

"ఆతె, ఒక్క పాట. ఇదొక్కటే."

"రారా ఇంటికి. అక్కడ నేను పాడతాను."

పైనుంచి పాటగాడు ఇదంతా చూశాడు. మైకులో, "ఎవరిదో ఆతె వచ్చింది, కాస్త దారివ్వండర్రా" అన్నాడు. బారంతా నవ్వింది. ఆ రాత్రి ఎడ్సెల్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. కొన్నాళ్లయ్యాక మాత్రం అదే సంగతి పదిమందికీ గొప్పగా చెప్పుకోవడం మొదలుపెట్టాడు. యెరోంగ్ బాసా పాటగాడు స్వయంగా తన గురించి మాట్లాడాడు, ఇంకేం కావాలి?

మళ్లీ వెళ్లడం మాత్రం కుదరలేదు. ఒకసారి పండగ ముందు బూట్ల పని ముంచుకొచ్చింది, ఒకసారి వరద వచ్చింది, ఒకసారి పెళ్లాం వచ్చింది. పెళ్లాం తర్వాత వెళ్లిపోయింది కూడా, ఆ కథ వేరు. ఈలోగా బయటి దేశాల బూట్లు వచ్చిపడి మరికీనా షెడ్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. బ్యాండు కూడా మూతపడింది. వాళ్లు విడిపోయారన్న వార్త విన్న రోజు ఎడ్సెల్ అన్నం ముట్టలేదు. "మళ్లీ కలుస్తార్లే ఆతె, అన్నదమ్ములు కొట్టుకోరా ఏంటి" అన్నాడు మర్నాడు పొద్దున. ఏళ్ల తరబడి ఆ మాట అంటూనే జుట్టు నెరిసింది వాడికి.

తర్వాత కిడ్నీలు పోయాయి. వారానికి రెండుసార్లు జెనీ వాడిని ఆసుపత్రికి తీసుకెళ్లి, రక్తం శుభ్రం చేసే మిషను పక్కన స్టూలు వేసుకుని కూర్చునేది. ఎడ్సెల్ ఫోనులో పాటలు పెట్టి, ఇయర్‌ఫోను ఒకటి తన చెవిలో పెట్టుకుని, రెండోది ఆమె చెవిలో పెట్టేవాడు. ఆమె విసుక్కునేది, తీసేది మాత్రం కాదు. అలా ఏళ్లు గడిచాయి. ఇష్టం లేకుండానే ఆ పాటలన్నీ ఆమెకి నోటికొచ్చాయి. ఒకసారి కూరగాయలు తరుగుతూ తనకి తెలియకుండానే ఒకటి కూనిరాగం తీసింది. ఎడ్సెల్ ఆ సంగతి వీధంతా చాటాడు.

కిందటేడు వానాకాలంలో వాళ్లు నిజంగానే మళ్లీ కలిశారు. డిసెంబరులో కుబావ్‌లోని పెద్ద హాల్లో ఒక్కరోజే వాయిస్తామన్నారు. సాయంత్రం ఆటకి టికెట్లు క్షణాల్లో అయిపోయాయి. మధ్యాహ్నం ఆటకి ఎడ్సెల్ రెండు సంపాదించాడు.

"ఈసారి చెవి పట్టుకోనని ఒట్టెయ్ ఆతె."

"పట్టుకోవడానికి నీ చెవిలో కండెక్కడుందిరా?"

"ఒట్టెయ్."

ఆమె ఒట్టేసింది. డిసెంబరు వచ్చింది. వీధిలో నక్షత్రాల లాంతర్లు కట్టారు. బ్యాండు రావడానికి ఇంకా మూడు పొద్దులుందనగా ఎడ్సెల్ నిద్రలోనే పోయాడు.

అక్కడి పద్ధతి ప్రకారం ఖననం దాకా శవాన్ని ఇంటి ముందుగదిలో పెట్టి జాగారం మొదలుపెట్టారు. తెల్లని పెట్టె, పైన అద్దం, తలదగ్గర దీపాలు. సందులో గుడారం వేశారు. కాఫీ, బిస్కెట్లు, పుచ్చగింజలు, ఎప్పుడూ ఆగని పేకాట. జెనీ ఛాతీ మీద చావు గుర్తుగా నల్లపిన్ను గుచ్చుకుని అటూ ఇటూ తిరుగుతోంది గానీ ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు. వీధివాళ్లు ముక్కున వేలేసుకున్నారు. వాళ్లకేం తెలుసు? ఆమెకి వాడు ఇంట్లోనే ఉన్నట్టుంది. వెనకగదిలో జిగురు వాసన వస్తూనే ఉంది. ఆమె పెట్టె పక్కనుంచి వెళ్తూ, "చూశావా, నీ స్నేహితులు బిస్కెట్లన్నీ ఖాళీ చేశారు" అని వాడితో చెప్పేది. ఇంట్లో ఉన్నవాడి కోసం ఎవరైనా ఏడుస్తారా?

ఆట ఉన్న రోజు పొద్దున ఆమె రెండు టికెట్లూ బయటికి తీసింది. తియా పాసింగ్ చూసింది. అమ్మకి చెల్లెలావిడ. ఆవిడ నోరు ఊరుకోదు.

"పెట్టెలో తమ్ముణ్ణి పెట్టుకుని పాటలకి పోతావా? రేపు ఖననం పెట్టుకుని? నలుగురూ ఏమనుకుంటారే?"

"పోతానని నేనన్నానా తియా. చూస్తున్నానంతే."

పేకముక్కలు పంచుతున్న మాంగ్ తెరోయ్ తలెత్తాడు. ఆయన ఈ వీధిలో ప్రతి చావుకీ మొదట వచ్చి చివర లేచే ముసలాయన. చావు పద్ధతుల్లో ఆయన మాటే చట్టం. "పోయి రానీయవే పాసింగ్" అన్నాడు. "చావింటినుంచి బయల్దేరినవాళ్లు తిన్నగా ఇంటికి పోరు. ఎందుకు పోరు? చచ్చినవాడు వెంటపడతాడని. దారిలో ఏ కొట్లోనో కాసేపు ఆగితే వాడు అక్కడ దిగిపోతాడు. పగ్‌పగ్ అంటే దులుపుకోవడమేగా. నిన్న నేను రొట్టెల కొట్లో ఆగాను. ఎడ్సెల్ అక్కడ కాసేపు కూర్చునే ఉంటాడు."

"అది వచ్చిపోయేవాళ్లకి. సొంతవాళ్లకి పగ్‌పగ్ ఏంటి?" అంది తియా పాసింగ్. "మనవాణ్ణి మనం దులుపుకుంటామా?"

కానీ జెనీ ఆలోచన అప్పటికే వేరే దారి పట్టింది. ఆమె ముసలాయన దగ్గరికి వచ్చి వంగింది. "మాంగ్ తెరోయ్, వాడు ఎక్కడ దిగుతాడు? మొదట ఆగినచోటేనా?"

"మొదట ఆగినచోటే."

"దారిలో ఎక్కడా ఆగకపోతే?"

ముసలాయన ఆమె చేతిలోని టికెట్లు చూశాడు, ముక్కలు బల్లమీద పెట్టాడు. "ఎక్కడా ఆగకు. ఏమీ కొనకు. కూర్చోకు. సందులో ఎవరైనా పలకరిస్తే నడుస్తూనే జవాబు చెప్పు. అప్పుడు నువ్వు ఎక్కడికి పోతే అక్కడికి వస్తాడు."

ఆమె పెట్టె దగ్గరికి వెళ్లి అద్దం మీదకి వంగింది. "లే. పోదాం" అంది. ఇక వెనక్కి తిరగలేదు.

ఎడ్సెల్ స్నేహితుడు దిందో తన మోటారు ట్రైసికిల్‌లో రైలు స్టేషనుదాకా దింపుతానన్నాడు. జెనీ లోపల కూర్చోకుండా పక్కన కడ్డీ పట్టుకుని నిలబడింది. వంతెన దాటాక బంకు వైపు తిప్పబోయాడు.

"ఎక్కడికిరా?"

"పెట్రోలు ఆతె. అడుగంటింది."

"పోనీ. అడుగంటేదాకా పోనీ."

"దారిలో ఆగిపోతే?"

"ఆగిపోతే నీ స్నేహితుడు ఆ మురిక్కాలవ పక్కనే ఉండిపోతాడు. అది నీకిష్టమేనా?"

దిందో బండిని మళ్లీ దారికి తిప్పాడు. దారిపొడుగునా బండికీ, మేరీమాతకీ మార్చి మార్చి మొక్కుకున్నాడు. ఎర్రదీపం దగ్గర బండి నిలిస్తే జెనీ అతని భుజం మీద చరిచింది. దీపం లెక్కలోకి రాదని, లెక్కలోకి వస్తే ఈ ఊరి కూడళ్లన్నీ దయ్యాలతో నిండిపోయేవని దిందో ధైర్యం చెప్పాడు. స్టేషను మెట్ల దగ్గర బండి దగ్గి ఆగింది. అప్పటికి ఆమె దిగిపోయింది.

రైల్లో ఒక కాలేజీపిల్ల లేచి చోటిచ్చింది. జెనీ వద్దంది. కూర్చుంటే ఆగినట్టే. మోకాళ్లు సలుపుతున్నాయి, నోరెండిపోతోంది, పక్కవాళ్ల చేతుల్లో చల్లటి సీసాలు కనబడుతున్నాయి. కడ్డీ పట్టుకుని, పక్కన ఒక మనిషి నిలబడేంత చోటు వదిలి నిలబడింది. ఎవరైనా ఆ చోట్లోకి జరగబోతే కళ్లెర్రజేసింది. లోపల్లోపల ఆమెకి హుషారుగా కూడా ఉంది. ఇన్నేళ్లకి తమ్ముణ్ణి ఆ బారు నుంచి ఇంటికి కాకుండా ఇంటి నుంచి పాటల దగ్గరికి తీసుకెళ్తోంది. ఆ సంగతి తల్చుకుని పెదవి చివర నవ్వుకుంది కూడా.

హాలు గుమ్మం దగ్గర టికెట్లు చూసే అమ్మాయి రెండూ చేతిలోకి తీసుకుంది. "రెండో మనిషి ఏరి నానాయ్?" అని తల్లిని పిలిచినట్టు పిలిచి అడిగింది.

"నా వెనకే ఉన్నాడు."

అమ్మాయి వెనక్కి చూసింది. బొజ్జమీద బ్యాండు బొమ్మ సాగిపోయిన చొక్కాతో ఒక పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. "నేను కాదు, నాది నాకుంది" అన్నాడాయన. అమ్మాయి మళ్లీ జెనీ వైపు తిరిగింది. అప్పుడు ఛాతీ మీది నల్లపిన్ను కనబడింది. రెండు టికెట్లకీ మిషను నొక్కి, "ఇద్దరూ ఎడమవైపు మెట్లెక్కండి" అంది.

జెనీ తన కుర్చీలో కూర్చుంది. ఆ రోజంతటిలో కూర్చోవడం అదే మొదటిసారి. పక్క కుర్చీ ఖాళీగా ఉంది. ఒకాయన సంచి పెట్టబోతే, "మనిషి ఉన్నాడు" అంది.

"వస్తాడా?"

"వచ్చేశాడు."

ఆయన సంచి ఒళ్లో పెట్టుకున్నాడు.

చుట్టూ చూస్తే ఆ బారులో ఆ రోజు పొగలో కనబడ్డ కుర్రాళ్లందరూ ముసలివాళ్లయి ఇక్కడికి వచ్చినట్టున్నారు. కళ్లజోళ్లు, బట్టతలలు, నడుం నొప్పులు. కొందరు పిల్లల్ని కూడా వెంటబెట్టుకొచ్చారు. దీపాలు ఆరాయి. నలుగురూ వేదిక మీదకి వచ్చారు. పాటగాడికి అప్పటి జుట్టు ఒక్క వెంట్రుక కూడా లేదు. అతను గిటారు మెడలో వేసుకుని ఏమీ మాట్లాడకుండా మొదలుపెట్టాడు.

మొదటి పాట జెనీకి వచ్చు. రెండోదీ వచ్చు. మూడో పాట దగ్గర ఆమె నిటారుగా కూర్చుంది. ఆసుపత్రిలో ఎన్నిసార్లు విన్నదో ఆ పాట, కానీ ఇక్కడ అందులో ఏదో ఎక్కువుంది. ఆమెకి తెలిసిన గిటారు ఒక పక్కన నడుస్తోంది. రెండో పక్కనుంచి ఇంకో గిటారు వచ్చి దానికి జవాబు చెబుతోంది. అది ఆమె ఎప్పుడూ వినలేదు. వేదిక మీద చూసింది. ఎడమన ఒకడు, కుడిన ఒకడు. అప్పుడు అర్థమైంది. ఆ రెండోది ఇన్నాళ్లూ ఎడ్సెల్ చెవిలో ఉండేది. ఏళ్ల తరబడి ఒకే పాట ఇద్దరూ కలిసి విన్నామనుకుంది, విన్నది చెరిసగం. వాడికీ సగమే దక్కింది. మంచంమీద మిషనుకి కట్టుబడి ఉన్నవాడు తన పాటలో సగం తీసి ఆమెకి పెట్టాడు, ఆమె దానికి కూడా విసుక్కుంది.

"విన్నావా, రెండూ వినబడుతున్నాయి" అని పక్క కుర్చీకి చెప్పింది. హోరులో ఆమె మాట ఆమెకే వినబడలేదు.

హాలంతా లేచి నిలబడి పాడుతోంది. ఆమె కూడా లేచింది, పాడింది. ఏ పాటలో ఎక్కడ గొంతు పైకెళ్తుందో ఆమెకి తెలుసు. పక్క వరసలో పెద్దపెద్ద మగాళ్లు ఒకరి భుజాలమీద ఒకరు చేతులేసుకుని ఏడుస్తున్నారు. ఎడ్సెల్ ఉంటే వాడూ ఏడ్చేవాడు. ఉన్నాడుగా, ఏడుస్తూనే ఉండి ఉంటాడు అనుకుంది.

చివరి పాటలు వస్తున్నాయని జనం ఊపు చూస్తే తెలుస్తోంది. అప్పుడు ఆమెకి తట్టింది. తీసుకురావడం గురించే ఆలోచించింది గానీ తర్వాత సంగతి ఆలోచించలేదు. మొదట ఆగినచోట దిగిపోతాడని కదా ముసలాయన అన్నది. దిగినవాడు మళ్లీ వెంట రాడు. అందుకేగా అందరూ ఆగేది. తియా పాసింగ్ అన్నమాట ఇప్పుడు చెవిలో గింగురుమంది. మనవాణ్ణి మనం దులుపుకుంటామా? ఆమె చేసింది అదే. రొట్టెల కొట్లో ఆగితే ముసలాయనకి పోయింది ఒక పొరుగువాడు. ఇక్కడ ఆగితే ఆమెకి ఉన్న ఒక్కడూ పోతాడు.

ఆఖరి పాట అయిపోయింది. దీపాలు వెలిగాయి. జనం కళ్లు తుడుచుకుంటూ, ఫొటోలు తీసుకుంటూ మెట్లు దిగుతున్నారు. జెనీ కదల్లేదు. 'రారా ఇంటికి' అన్న మాట నాలుక చివర ఉంది. ఆ మాట అంటే చాలు. మొండికేసినా, గొణిగినా, ఆమె పిలిస్తే వాడు రాకుండా ఎప్పుడూ ఉండలేదు. పద్ధతులు గిద్ధతులు మాంగ్ తెరోయ్‌కి తెలుసు గానీ ఎడ్సెల్ సంగతి ఆమెకి తెలుసు. పిలిస్తే వస్తాడు. వస్తే మళ్లీ ఆ గదిలో, ఆ మందుల వాసనలో, రేపు మూసేసే ఆ పెట్టె పక్కన ఉంటాడు. అక్క ఒంటరిగా ఉండకూడదని ఉంటాడు.

వేదిక మీద పనివాళ్లు తీగలు చుడుతున్నారు. సాయంత్రం ఆటకి మళ్లీ ఇక్కడే కడతారు, మళ్లీ ఆ పాటలన్నీ మొదటినుంచీ వస్తాయి.

జెనీ పక్క కుర్చీ మీద చెయ్యి పెట్టింది. "నువ్వుండు" అంది. "సాయంత్రం ఆట కూడా చూడు. నేను వెళ్తాను."

కడ్డీ పట్టుకుని మెట్లు దిగింది. తిరిగి చూడలేదు. గుమ్మం దగ్గర అదే అమ్మాయి ఆమె వైపు, ఆమె వెనక వైపు చూసింది. తిరుగు రైల్లో సీటు దొరికితే కూర్చుంది. పక్కన ఎవరో వచ్చి కూర్చుంటే జరిగి చోటిచ్చింది.

ఇంటికి చేరేసరికి సందులో రాత్రి భోజనాలకి గంజి వండుతున్నారు. దిందో ఎదురొచ్చి, "చేరాడా ఆతె?" అని అడిగాడు. ఆమె తల ఊపింది. మాంగ్ తెరోయ్ ముక్కలు పక్కనపెట్టి లేచి నిలబడ్డాడు. ఆమె వాళ్లని దాటుకుని లోపలికి వచ్చింది. వెనకగది తలుపు తెరిచి ఉంది. జిగురు వాసన లేదు. పొద్దుటిదాకా ఉన్నదని ఆమె ఎవరికైనా ప్రమాణం చేసి చెప్పగలదు.

పెట్టె దగ్గరికి వెళ్లి అద్దంలోకి చూసింది. చాలా చిక్కిపోయిన ఒక మగమనిషి పడుకుని ఉన్నాడు. చెంపకి పౌడరు రాశారు, జుట్టు తప్పు పక్కకి దువ్వారు. ఇన్ని పొద్దులూ అది ఆమె గమనించనే లేదు. ఆమె గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది, అది ఏడుపని మొదట ఎవరికీ తెలియలేదు. తర్వాత కన్నీళ్లు ధారగా అద్దం మీద పడ్డాయి.

తియా పాసింగ్ పరుగున వచ్చి భుజం పట్టుకుని వెనక్కి లాగింది. "తప్పే తల్లీ, పెట్టె మీద కన్నీళ్లు పడకూడదు. వాడి దారికి అడ్డమవుతాయి."

"పడనీ తియా" అంది జెనీ. "ఇందులో వాడు లేడు. ఇంట్లోనూ లేడు. నేనే దింపేసి వచ్చాను."

తియా పాసింగ్ జెనీని పట్టుకున్న చెయ్యి వదిలేసింది.